ముందు ఎదుటివారి మాట

1990వ సంవత్సరం ఆగస్టు ఆరవ తేదీ, సోమవారం ఉదయం, మా సంస్థలో పరిశోధన సహాయకురాలిగా చేరిన ఒక యువతి, తనకు కేటాయించిన గదిలో బల్ల తప్ప కుర్చీ లేకపోవడంతో, కిటికీ గట్టు మీద కూర్చుని పని మొదలుపెట్టారు. నేడు శాంతి స్థాపన, అంతర్జాతీయ అభివృద్ధి అధ్యయన విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న మన మేడం గారు ఆమే. కుర్చీ మూడో వారంలో వచ్చింది గానీ కిటికీ గట్టు అలవాటు మాత్రం ఇన్నేళ్లూ పోలేదు.

సన్మాన సభలో ముందు వరుస కుర్చీల ఏర్పాటు గురించి అడిగినప్పుడు ఆమె తన భర్తకూ కుమార్తెకూ చెరొకటి చెప్పి, "ఇంకొకటి కూడా వేయించండి. మా అక్క వస్తే కూర్చుంటుంది" అన్నారు. ఆ అక్కాచెల్లెళ్ల మధ్య మాటలు లేక ఎనిమిదేళ్లయింది. దేశదేశాల తగవులు తీర్చిన విదుషీమణికి ఆ ఒక్క కుర్చీ గురించే బెంగ. ఈ సంగతి మన సన్మాన సంచికలో రాయవచ్చునా అని అడిగితే, "రాయండి, దాచేదేముంది? మా అక్క కూడా చదువుతుంది" అన్నారు. కనుక నిస్సంకోచంగా రాస్తున్నాను.

అభివృద్ధి పేరిట వచ్చే నిధులు తగవులను తీరుస్తాయా, పెంచుతాయా అన్నది ఆమె సిద్ధాంత వ్యాసానికి విషయం. అందుకోసం వాగుకు ఇరువైపులా ఉన్న రెండు పల్లెలను ఎంచుకున్నారు. వాటి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. సరిగ్గా పొలిమేర మీద, వాగు గట్టున ఒక చేతిపంపు వేయిస్తే, నీళ్ల కోసం వచ్చిన వారి మధ్య క్రమంగా మాటలు కలుస్తాయని ఆమె అంచనా. పంపు పడింది, ప్రారంభోత్సవం జరిగింది, మా సంస్థ గోడకు ఫొటో ఎక్కింది. ఏడాది తిరిగి వెళ్లి చూస్తే పంపు తుప్పు పట్టి ఉంది. ఒకరి ముఖం ఒకరు చూడకూడదని దారులు మార్చుకుని తిరిగే జనం, ఎదురుపడక తప్పని చోటుకు బిందె పట్టుకుని ఎందుకు వస్తారు? మరొకరైతే ఆ అధ్యాయాన్ని గుట్టుచప్పుడు కాకుండా పక్కన పెట్టేవారు. మేడం గారు దానినే మొదటి అధ్యాయం చేశారు, గోడ మీది ఫొటోను స్వయంగా దింపించారు.

ఆ తరువాత ఆమె రెండు ఊళ్లలోనూ అరుగు అరుగుకీ తిరిగి విన్నారు. తమ గోడు అందరికీ కంఠతా వచ్చు. అవతలివారి గోడు ఏమిటని అడిగితే మాత్రం రెండు వైపులా ఒకటే సమాధానం: "వాళ్లకేం గోడమ్మా, పొగరు తప్ప!" అక్కడే ఆమె పద్ధతి పుట్టింది. తగవుకు వచ్చినవారు తమ మాట చెప్పుకునే ముందు ఎదుటివారి మాట చెప్పాలి. "అవును, నా బాధ అదే" అని ఎదుటివారు ఒప్పుకునేదాకా తమ వంతు రాదు. ఈ పద్ధతిని బోధిస్తూ ఆమె ఉపన్యాసకురాలిగా, ఆచార్యులుగా, అంతర్జాతీయ సంఘాలకు సలహాదారుగా ఎదిగిన క్రమం మనందరి కళ్లముందు జరిగినదే. సరిహద్దు జలాల చర్చల్లోనూ, కాందిశీకుల శిబిరాల్లోనూ ఆ పద్ధతి నిలబడిందంటే అందులోని సత్తా వేరే చెప్పనక్కరలేదు.

మా వరండాలోనూ నిలబడింది. అక్కడి కిటికీ తెరవాలని నేను, మూయాలని గ్రంథాలయాధికారి గారు కత్తులు నూరుకుంటున్న రోజుల్లో, మేడం గారు మా ఇద్దరినీ తమ గదిలో కూర్చోబెట్టారు. దుమ్ముకు ఆయన పడే ఆయాసం గురించి నా నోటితో నేనే చెప్పేసరికి నా కోపం సగం చల్లారింది. మిగతా సగం ఇప్పటికీ ఉంది, అది వేరే సంగతి.

ఇక ఆ కుర్చీ విషయం. తల్లిగారు కన్నుమూసిన సమయంలో మేడం గారు దూరదేశపు శాంతి సదస్సులో ఉన్నారు, మర్నాటికి గాని రాలేకపోయారు. అక్కగారి అలకకు కారణం అదేనని ఎనిమిదేళ్లూ నమ్మారు. గత నెల ఆహ్వానం ఇవ్వడానికి స్వయంగా వెళ్లి, వంటింటి గడప దగ్గర నిలబడి, తన పద్ధతి ప్రకారమే మొదలుపెట్టారట: "అక్కా, నేను చివరి చూపుకు రాలేదని నీ బాధ."

"కాదు" అన్నారట అక్కగారు, గిన్నె తోముతూనే. "నువ్వు రాలేదని నాకేం కోపమే? విమానం నీ చేతిలో ఉందా? వచ్చాక నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, ఏ డాక్టరు, ఎప్పుడు చూపించావు, ఎందుకు ఆలస్యమైందని అడిగావు చూడు, అదీ! పోయింది నాకూ అమ్మే కదే. పట్టుకుని ఏడుస్తావనుకున్నాను. నువ్వు విచారణకొచ్చావు."

ఎదుటివారి బాధ ముందు వినమని లోకానికంతటికీ నేర్పిన మనిషి ప్రశ్నలే ఆ రోజు తోడబుట్టినదాన్ని కోశాయి. మేడం గారు తన సంజాయిషీ ఒక్కటీ చెప్పకుండా, అక్కగారి మాటనే తిరిగి అప్పజెప్పారట. అక్కగారు విని, చేతులు తుడుచుకుని, "ఊఁ. అది ఒకటి. ఇంకా ఉన్నాయి. ఇప్పుడు కాదులే, రిటైరయ్యాక తీరిగ్గా రా" అని, కాఫీ కలిపి ఇచ్చారట. ఎనిమిదేళ్ల తరువాత ఆ ఇంట తాగిన కాఫీలో చక్కెర మరీ ఎక్కువైందని మేడం గారు నాతో ఫిర్యాదు కూడా చేశారు.

ఈ సంచిక మీ చేతికి అందేసరికి ముందు వరుసలోని ఆ కుర్చీలో అక్కగారు కూర్చునే ఉంటారు. వస్తానని నిన్ననే కబురు పంపారు. మేడం గారికి సంపూర్ణ ఆరోగ్యం, నిండు నూరేళ్ల ఆయుష్షు కలగాలని మా విభాగమంతా మనసారా కోరుకుంటున్నది. అంతే ఆయురారోగ్యాలు అక్కగారికీ కావాలి. ఆమె చెప్పవలసినవి ఇంకా ఉన్నాయి, వినవలసినవారికి ఇక సెలవు దొరికింది.