ఇసుక అప్పగించిన కడియం

1991 ఆగస్టు 14వ తేదీన, శ్రావణపు ముసురులో తడిసిన నియామకపత్రంతో శ్రీమతి ఈశ్వరి గారు శ్రీకాకుళం తీరంలోని మన ఖనిజ శుద్ధి కర్మాగారంలో ప్రయోగశాల సహాయకురాలిగా అడుగుపెట్టారు. శృంగవరపుకోటలో సంగీతం నేర్పే కుటుంబం వారిది. మొదటి వారంలోనే అయస్కాంతపు రోలరు వారి జడలోని పిన్నులను లాగేసుకుంది. మరునాడు జడను నూలుదారంతో ముడివేసుకొని వచ్చారే తప్ప, విభాగం మార్చమని అడగలేదు.

1998లో పర్యవేక్షకురాలిగా, 2009లో విభాగాధిపతిగా పదోన్నతి పొందారు. నల్లని ఇల్మనైటును అయస్కాంతంతో లాగి, మిగిలిన ఇసుకను వేల వోల్టుల విద్యుత్ క్షేత్రం గుండా పంపి రూటైలు, జిర్కాను అనే ఖనిజాలను వేరుచేసే ఆ సున్నితమైన ప్రక్రియలో, రోలరు మోత రవ్వంత మారినా ముందుగా పసిగట్టేది వారి చెవే.

2021 జనవరిలో సముద్రపు ఒడ్డున కొత్త గుంట నుంచి ఇసుక తవ్వడం మొదలైంది. ఆ ఇసుకను మోసుకొచ్చే బెల్టుపై వేలాడే పెద్ద మేగ్నెట్, ఇసుకలోని ఇనుప ముక్కలను పట్టి ఉంచుతుంది. కరెంటు తీయగానే వదిలేస్తుంది. మొదటిరోజు ఉదయం పదిన్నరకు ఏడు మేకులు దొరికాయి. మరునాడు అదే సమయానికి గొలుసు ముక్క, ఆ మరునాడు లంగరు కొక్కెం. మిగతా వేళల్లో ఒక్క ముక్కయినా రాలేదు. ఈశ్వరి గారు వాటిని పాత సామానులో పడేయనివ్వక, కడిగి ఒక ట్రేలో వరుసగా పేర్చసాగారు. ఎందుకలా చేస్తున్నారో వారికే తెలియదు. పది కావస్తుంటే మాత్రం బెల్టు పక్కకు వచ్చి నిలబడేవారు.

పదకొండో రోజున, ఊడ్చే పనికి వచ్చే దాలమ్మ ఆ ట్రే చూసి చీపురు వదిలేసింది. ఆమె భర్త నూకయ్య మూడేళ్ల కిందటి తుఫానులో వేటకు వెళ్లి తిరిగి రాలేదు.

“ఇవి మా నావ మేకులమ్మా. పాతపట్నం కమ్మరోడు కొట్టినవి. నాలుగు పలకల తల, సూడండి!”

ఆ మాట ముగియకముందే, సరిగ్గా పదిన్నరకు, కరెంటు పోయింది. బెల్టు ఆగింది. మేగ్నెట్‌కు అంటుకున్న నల్లటి ఇసుక జలజలా రాలిపోయింది. ఒక్కటి మాత్రం రాలలేదు. తుప్పుపట్టిన ఇనప కడియం.

“కరెంటు నేదు కదమ్మా! ఇదెలగ అంటుకునున్నాది?” దాలమ్మ బెల్టు దగ్గరికి వచ్చింది.

ఈశ్వరి గారు చెక్కపట్టీతో లాగారు. కదల్లేదు. దాలమ్మ వేళ్లు తగిలీ తగలగానే తేలిగ్గా ఊడి, ఆమె అరచేతిలోకి వచ్చేసింది.

“మా ఆయనదే... లోపలికి నొక్కు సూడండి, తెడ్డు తగిలి పడింది.”

కరెంటు వచ్చింది. మేనేజర్ గిరిబాబు గారు బెల్టు నడపమన్నారు. “ఓడకి సరుకు ఎక్కించాలి మేడమ్. ఇనప ముక్క కోసం ప్లాంటు ఆపేస్తారేటి?”

“ఆ గుంటలో మనిషి ఉన్నాడు సార్. యంత్రంతో తవ్వనివ్వను,” అన్నారు ఈశ్వరి గారు. లాగ్‌బుక్కులో ప్లాంటు ఆపినందుకు తానే బాధ్యురాలినని రాసి సంతకం చేశారు.

చేతిపారలతో తవ్వగా, సాయంత్రానికి విరిగిన నావ బయటపడింది. దాని కింద నూకయ్య అస్థికలు దొరికాయి. పోలీసుల పంచనామా, పరీక్షలు ముగిశాక దాలమ్మ తన భర్తకు కర్మకాండ జరిపించగలిగింది. ఆ తరువాత ఇంజినీర్లు మేగ్నెట్‌ను మూడుసార్లు పరీక్షించారు. కరెంటు లేనప్పుడు అది గుండుసూదినైనా నిలపలేకపోయింది. నివేదికలో ఈశ్వరి గారు రెండే మాటలు రాశారు: “కారణం తెలియలేదు.” ఆ గుంటను మళ్లీ తెరవనివ్వలేదు.

ఈ నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్నారు. సన్మాన సభకు పిలవడానికి వెళ్తే దాలమ్మ అన్నది: “అమ్మగారు అడ్డం నిలబడకపోతే మా ఆయన ఇంకా ఇసకలోనే ఉందురు. ఆయమ్మ ఒంట్లో ఏ నొప్పీ నేకుండా సల్లగుండాల.” అంతకన్నా మంచి మాట మాకు తోచడంలేదు. ఈశ్వరి గారికి చూపూ, నడకా, మనశ్శాంతీ తరగని దీర్ఘాయువు లభించాలనీ, కుటుంబంతో కలిసి పాటల మధ్య, నవ్వుల మధ్య ఇంకా ఎన్నెన్నో ఏళ్లు హాయిగా గడపాలనీ సహోద్యోగులందరి ప్రార్థన.