నైట్రోజన్ ఎటువైపు

కెమిస్ట్రీ ల్యాబ్‌లో స్ఫటికాలకి ఎక్స్‌రే తీసే గది. మెషీన్ నడిపే పెద్దాయన, ఐదేళ్ళ పరిశోధన ముగించబోతున్న అమ్మాయి.

"కూర్చో తల్లీ. అలా నిలబడి అడిగితే నాకు పరీక్షలా ఉంది."

"కూర్చోను బాబాయ్. ముందు ఇది చూడండి. ఆరేళ్ళ కిందట మీరు తీసిన కొలతలే. ఆ వాగు ఒడ్డు మొక్క వేరులోంచి తీసిన పదార్థం, ఒకే ఒక్క స్ఫటికం."

"ఉప్పు పలుకులో సగం ఉండేది. దాన్ని సూదిమొన మీద నిలబెట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది."

"మీరు వేసిన అణువు బొమ్మలో నైట్రోజన్ ఎడమవైపుంది. నిన్న నేను దాన్ని కుడివైపు పెట్టి చూశా. కొలతలకి అదీ సరిపోయింది. అచ్చం అంతే."

"ఊఁ."

"ఊఁ ఏంటి?"

"కార్బన్‌కీ నైట్రోజన్‌కీ ఒక్క ఎలక్ట్రానే తేడా. ఎక్స్‌రేకి రెండూ కవల పిల్లలే. మచ్చలు మసగ్గా పడితే ఏది ఏదో పోల్చుకోలేం."

"పక్కనుండే హైడ్రోజన్‌ని బట్టి చెప్పొచ్చుగా?"

"అంత చిన్న పలుకులో అదసలు కనపడదు."

"అంటే నైట్రోజన్ ఎటైనా ఉండొచ్చు."

"ఉండొచ్చు."

"అచ్చయిన పరిశోధన పేపర్లో మాత్రం ఎడమ అని వేశారు."

"టీ తాగుతావా?"

"నీళ్ళు నమలకండి బాబాయ్. ఇంకో స్ఫటికం పెట్టి మళ్ళీ తీద్దాం. ఆ సీసా ఏది?"

"బీరువాలో ఉంది. ఖాళీ సీసా. ఉన్న ఒక్కటీ ఆ వారమే పొడైపోయింది. వేరు దొరికిన వాగు ఒడ్డున ఇప్పుడు రోడ్డేశారు."

"ఇంక చూసేదేం లేదన్నమాట."

"కుడివైపుది నువ్వే తయారుచేసి చూడొచ్చుగా?"

"ఎడమవైపుదానికే ఐదేళ్ళు పట్టింది. నా గడువు ఈ నెలాఖరు. ఇరవైమూడు సార్లు తయారుచేశా బాబాయ్, ఒక్కసారీ వేరులోని అసలుదాని మిగతా పరీక్షల ఫలితాలతో కలవలేదు. ప్రతిసారీ మా గైడ్ సార్‌ది ఒకటే మాట, నీ చేతిలో పనితనం లేదమ్మా అని. నేనూ నమ్మా. నాకు చేతకాదని మా అమ్మకి ఫోన్ చేసి ఏడ్చా."

"నీ చేతులు బంగారం తల్లీ. నాకు తెలుసు."

"మరి ఇన్నేళ్ళూ ఆ మాట అనలేదేం?"

"అంటే... ఎలా అంటాను."

"ఆగండి. రెండూ సరిపోతాయని మీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు. రెండు బొమ్మలూ వేశా. అప్పటికి స్ఫటికం ఇంకా బాగానే ఉంది. ఇంకో రాత్రంతా మెషీన్ మీద ఉంచితే తేలిపోయేదే."

"సార్ వద్దన్నారా?"

"లేదమ్మా. పాపం, ఆయన అడిగారు."

"ఏమని?"

"తలుపు దగ్గర నిలబడి, ఎడమవైపేనా, ఖాయమేనా అని. నా ఆరింటి బస్సుకి పది నిమిషాలుంది. ఖాయమే అన్నా."