వాకిట్ల గీసిన గడులు

"పెద్దమ్మా, బడి ఆటలల్ల ఉరికింది మీ అక్షరేనా?" అని మా చెల్లె బిడ్డ రమ్య అడిగింది.

అవ్ బిడ్డా, మా అక్షరనే, నా కొడుకు బిడ్డ. పోయినేడు నువ్వు చూసినవు గదా, పది మెట్లెక్కితే ఆయాసం. దవాఖానల డాక్టరమ్మ రోగమేం లేదన్నది, పిల్ల కదలాలె, లేకుంటే ముందట కష్టమైతదన్నది. మా కోడలు కరాటేల ఏసింది. అక్కడి పిల్లలు నవ్విండ్రని అక్షర నాలుగొద్దులకే మానేసింది. తప్పు నాదే, దాచుడెందుకు. ఉరికితే పడ్తవని కూసోబెట్టింది నేను, ఫోను చేతికిచ్చి అన్నం బుక్కలు పెట్టింది నేను. వాకిట్ల ఆడితే ముగ్గు తొక్కుతరని ఆ గల్లీ పిల్లలందర్ని తరిమింది గూడ నేనే. లక్ష్మీదేవి వచ్చే తొవ్వ గదా మరి.

ఒకనాడు, శుక్రారమో... కాదు, బేస్తారం, సాన్పి చల్లి ముగ్గు పట్టుకున్న. గడప ముందట చిన్న పద్మమేసి, మిగిలిన జాగల తొక్కుడు బిళ్ళ గడులు గీసిన. లక్ష్మీ తల్లీ, నా మన్మరాలు నీ తొవ్వల జర ఎగురుతది, ఏమనుకోకు అని మొక్కిన. పిల్లను లేపి చేతిల కుండపెంక పెట్టిన.

మా కోడలు నోట్లె బ్రష్షుతోనే నిలవడ్డది. "అత్తమ్మా, నన్ను పన్నెండేండ్ల సంది ముగ్గు మీద కాలు పెట్టనియ్యకపోతివి" అన్నది. నువ్వు గూడ రా, ఎవలొద్దన్నరు అన్న నేను.

నాకేమో మోకాళ్ల నొప్పులాయె, రెండో గడికే కూలవడ్డ. పిల్ల మస్తు నవ్వింది. "గట్ల కాదు నానమ్మా" అని నాకు నేర్పనీకె తనే కుంటుకుంట పోయింది, మల్ల వచ్చింది, మల్ల పోయింది. ఆడు అని నేననలే, చూడు. మర్నాడు ఎదురింటి ఇద్దరు పిల్లలొచ్చిండ్రు. ఒక్కటే కట్టడి పెట్టిన, ఒకలను చూసి ఒకలు నవ్వద్దు, ఓడినోళ్లకు ఇంకోపారి ఇయ్యాలె. నెల తిరిగేసరికి వాకిలి సాలలే, గల్లీ చివరిదాంక ఉరుకుడు పెట్టుకున్నరు. నేను పిలుస్తనే లేను, పొద్దుగాల పిల్లనే నన్ను లేపుతది.

బడి ఆటలల్ల పతకమేం రాలే. ఆరుగురిల అయిదోది. కానీ నడిమిట్ల ఆగలే బిడ్డా, గీత దాటి నా దిక్కు చూసింది. ఇగ నాకేం గావాలె.

అగో, నీ ఒళ్లె ఉన్న నీ బిడ్డ దిగుతనని గుంజుతున్నది. దించు, దించు. బట్టలకు మట్టయితే ఉతుకుదం. ఎల్లమ్మ తల్లి సల్లగ చూడాలె, కాళ్లల్ల బలమియ్యాలె... పో తల్లీ, పో.