జాహెదా రేకుల బండి

ఏమ్మా, రోడ్డు రోలరును అట్ల సూస్తాండావు? మా కాలంలో దాని ఎనకాల చక్రాల మీద ఒక రేకుల గది కట్టుకొని పోయేవాళ్లు. జాహెదా కాపరమంతా దాంట్లోనే. పోయి శానా ఏండ్లాయలే, పాపం. మొగుడు గౌసు రోలరు డ్రైవరు. డెబ్భై ఎనిమిదిలో మదనపల్లి నుంచి పుంగనూరు దావకు తారు ఏసేటప్పుడు మా ఊరి బయట నిలిపినారు ఆ బండిని. సంకన పసిబిడ్డ. అయినా జాహెదా ఒక సోట కుదురుగా కూసునే పిల్ల కాదమ్మా, బండి కదిలితేనే ఆమెకు నవ్వొచ్చేది.

వానొస్తే మంచం మీద కారేది. గౌసు పైకెక్కి, సుక్క పడే సోటికి సరిగ్గా పైన తారు పూసేవాడు. తారుకేమి కొదవ? మళ్లా వానకు మళ్లా కారేది. కుప్పం నుంచి జాహెదా వాళ్లమ్మ మైమూనా వచ్చి సూసి, పోదామని మూట కట్టేసింది. "ఇంగొక్క సుక్క నా మనవడి మీద పడనీ, ఇద్దరినీ పిలుచుకపోతా. రోడ్డు అయిపోయినంక మళ్లా వద్దువులే" అనింది. "రోడ్డు యాడన్నా అయిపోతాదా అమ్మా?" అనింది జాహెదా. మొగుణ్ణి ఇడిసి ఉండలేదు, బిడ్డను తడవనియ్యనూ లేదు. మబ్బు పట్టితే సాలు, గోడలు తడుముతా గదంతా తిరిగేది.

ఒకనాడు బిడ్డకు నీళ్లు పోసి, తలుపూ కిటికీ మూసి సాంబ్రాణి ఏసింది. బయట కంకర కొట్టే సిద్దమ్మ కేకేసింది సూడు, "ఓ జాహెదమ్మా, మీ బండి బీడీ తాగతాండాదే!" అని. ఉరికొచ్చి సూస్తే, కప్పు మీద మంచం పక్క కాదు, ఆ కొసన పొగ! గౌసు ముద్దుగా కప్పు తొలిచి బిగించిన ఉయ్యాల కొండి కాడ. ఊపి ఊపి దాని సుట్టూ తారు బీటలిచ్చింది. నీళ్లు ఆడ దిగి, ఇనప బద్దె ఎంబడే పారి, మంచం మీద పడతాండాయి. గౌసు మొగం సిన్నబోయింది. "పిల్లోడి కోసమే గదా పెట్టినాను..."

"పీకు" అనింది జాహెదా.

"ఉయ్యాల తీస్తే బిడ్డ యాడ పండుకుంటాడే?" అని మైమూనా.

"నా కాళ్ల మీద."

గౌసు కొండి పీకి, ఆ బొక్కకు సైకిలు ట్యూబు ముక్కలు కిందా మీదా పెట్టి, పొట్టి బోల్టు బిగించి తారు పూసినాడు. సాయంత్రమే దబదబా వాన. మైమూనా మంచం మీద అరచెయ్యి సాపి కూసునింది. జాహెదా ఆ చేతినే సూస్తాండాది. వాన ఎలిసింది. చెయ్యి పొడిగానే ఉండాది.  ముసలామె మూట ఇప్పి, బొంత తీసి, సుక్క పడే సోటనే పరిసి, బిడ్డను పండబెట్టింది.

...పొయ్యి మీద పాలు పెట్టినట్టుండావే, పోయి సూడుపో.