గోడ మీద తెల్లపొర

వదిలేసిన చమురు బావుల్లోంచి ఊరే ఉప్పునీళ్లు నదిలో కలవకుండా చూడటానికి ఒడ్డునే ఒక ఆఫీసు కట్టారు. అక్కడి అధికారి, గోడకు రంగు వేసే ముసలాయన మాట్లాడుకుంటున్నారు.

"ఏడాదిలో మూడోసారి పెచ్చులూడాయి. రంగులో నీళ్లు కలిపావా, నీళ్లలో రంగు కలిపావా?"

"రంగు మంచిదే సార్. గోడలోంచి ఉప్పు ఊరుతోంది. కావాలంటే నాలిక మీద వేసుకు చూడండి."

"ఆడలేక మద్దెల ఓడంటే ఇదే! ఆ మ్యాపు చూశావా? పదిహేడు బావులు. అన్నిటినీ సిమెంటు పోసి మూయించాను. ఉప్పు గురించి నువ్వా నాకు చెప్పేది?"

"మరి నదిలో ఉప్పు తగ్గిందా సార్?"

"తగ్గుతుంది. అదంతా నీ బుర్రకెక్కదులే."

"ఎక్కదు సార్. అప్పట్లో ఆ బావులు తవ్విన కూలీని నేను. మేం తవ్వింది పద్దెనిమిది. ఒకదాంట్లో చమురు బదులు ఉప్పునీళ్లు పడితే, దుంగ దిగ్గొట్టి మట్టి కప్పేశారు. కాగితాల్లోకి ఎక్కించలేదు."

"ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా?"

"మొదటిసారి రంగేసినప్పుడే చెప్పబోయాను. రంగులోడికి బావుల సంగతెందుకన్నారు మీరే."

"ఆ పద్దెనిమిదోది ఎక్కడుందో ముందు అది చెప్పు!"

"మీ కుర్చీ కాస్త పక్కకి జరపండి సార్."