సిగ్నలు వంతు

అబ్బా! మెల్లగక్కా, మెల్లగ! అది తలకాయ, శనక్కాయల మూట కాదు దబ్బనంతో కుట్టినట్ల కుట్టేదానికి. మదనపల్లె మొదలు కుప్పం దాకా గాల్లో ఇంటర్నెట్టు పారించే మొనగాని తల ఇది, షైలజక్కా! ఒంటిచేత్తో నలభై మందిని ఆపినోని తల!

యాల నవ్వుతావు? సరే. నలభై కాదు, ఇరవై. ఆపింది కూడా లేదు, నీళ్ల ట్యాంకు వెనకాల దాంకున్యాను. కుప్పం దాకా అనేది కూడా పెద్ద మాటే. పుంగనూరు దాటి సదుం దోవలో ఒక పల్లె ఉండాది, నా నెట్టు ఆడికిపోయి ఆగిపోతాది. అయినా జెఫ్రీ నెట్టు అంటే ఆ పక్క పేరుండాదిలే.

ఆ గోరు వదిలెయ్. నల్లగైంది పాతది. దానికీ కొట్లాటకీ సంబంధం లేదు. నువ్వు తల సూడు. డాక్టర్ల కంటే షైలజ చెయ్యే మేలని మా అమ్మ అంటాది. చర్చి క్వయర్లో నీ పక్కనే నిలబడి పాడతాది కదా, అబద్ధం చెప్పదు.

కానిస్టేబులు బయటే ఉండాడా? ఉండనీ. ముందు నీకు చెప్తా.

అంతా ఆంటెన్నాతోనే వచ్చిందక్కా. ఓమ్ని అని ఒకటుంటాది, ఇంట్లో బల్బు మాదిరి. నాలుగు దిక్కులా వెలుగిస్తాది, యాడా గట్టిగా ఉండదు. సెక్టరని ఇంకోటి, టార్చిలైటు మాదిరి. కొట్టిన పక్క కొట్టినట్ల, మిగతా పక్క చీకటి. ఆ పల్లెలో ఎగవ వీధి, దిగవ వీధి అని రెండుండాయి. మధ్యలో మిట్ట. అంటే రెండు సెక్టర్లు కావల్ల, సిగ్నలు పంపే పెట్టెలు, బేస్ స్టేషన్లంటారు, అవీ రెండు కావల్ల. నేనేం చేసినాను? కుప్పంలో మూతబడిన నెట్టంగడిలో సెకండ్‌హ్యాండుది ఒక్క సెక్టరు, ఒక్క బేస్ స్టేషను దొరికితే సంకలో పెట్టుకొని వస్తిని. నిలువు పలక, అంచు కత్తి మాదిరి ఉంటాది. నువ్వు కుట్టేది ఆ అంచు దిగిన తావే.

దాన్ని ఎగవ వీధి పాపయ్య మామ మిద్దె మీద పెట్టినా. మిద్దెకు బెజ్జాలు కొడితే వానకు కారతాదని మామ ఒప్పుకోలా. అందుకని ఇనుప స్టాండు నిలబెట్టి, దాని నడుమ పైపుకు పలక బిగించి, నాలుగు కాళ్ల మీద నాలుగు గ్రానైటు ముక్కలు బరువుకు పెట్టినా. అవీ కుప్పంవే. 'రామకుప్పం అడివి ఏనుగొచ్చి తోసినా కదలదు మామా' అని మీసం మెలేసినా. మీసం యాడుండాదంటావా? వస్తాదిలే.

ఒక్క టార్చిలైటు, రెండు వీధులు. ఎట్ల? పాపయ్య మామే తీర్పు చెప్పినాడు. బోరు నీళ్లకు వంతులుండాయి కదా, సిగ్నలుకూ వంతు పెట్టుకోండి అని. పొద్దున్నుంచి సాయంత్రం ఆరు దాకా ఎగవ వీధి, ఆరు నుంచి దిగవ వీధి. ఆరు కొట్టంగానే దిగవ వీధోళ్లు మిద్దెక్కి పలకను తమ పక్కకు తిప్పుకోవల్ల, కాలవ నీళ్లకు మడవ తిప్పుకున్నట్ల. నాకు నవ్వొచ్చింది. నవ్వకుండా ఉండల్సింది. ఆ ఊర్లో మడవ కాడ పారలతో తలకాయలు పగలగొట్టుకున్నోళ్లు ఇంకా బతికే ఉండారు.

ఈ పొద్దు ఆరుంపావుకు ఉషాకు ఇంటర్వ్యూ. ఉషా అంటే దిగవ వీధి బుజ్జమ్మ కూతురు. బుజ్జమ్మ టమోటా తోటల్లో కూలికి పోయి సదివించింది. బెంగళూరు కంపెనీ, వీడియోలోనే అడుగుతారంట. 'జెఫ్రీ, ఈ ఒక్క పొద్దు నెట్టు ఆగకుండా సూడు' అని ఆ పాప బతిమాలింది. అందుకే మధ్యాహ్నమే పోయి మిద్దె మీద కూర్చున్యా.

ఆరు కొట్టింది. కింద పాపయ్య మామ టీవీలో నా నెట్టు మీదే క్రికెట్టు, ఆఖరి ఓవర్లు. ఎగవ వీధంతా ఆడే ఉండాది. ఉషా వాళ్లన్న చరణ్ వచ్చి మెట్ల కాడ నిలబడినాడు.

'మామా, వంతు మాది.'

'ఉండప్పా, రెండు ఓవర్లు.'

'ఇంటర్వ్యూ ఉండాది కదా మామా.'

'కూలికి పోయేదానికి ఇంటర్వ్యూ యాలరా?' అన్నాడు పాపయ్య కొడుకు సుదర్శను.

అయిపోయిందక్కా. చరణ్ వాని మూతి మీద గుద్దిన గుద్దుకు పన్ను ఎగిరొచ్చి మెట్టు మీద పడింది. ఎగవ వీధోళ్లు లేచినారు, దిగవ వీధోళ్లు ఉరికొచ్చినారు. టమోటా చెట్లకు ఊతం పాతే కట్టెలు గోడకు ఆనించి ఉండె, రెండు పక్కలోళ్లకూ అవే దొరికినాయి. ఎండిన కట్టె మనిషి వీపు మీద విరిగితే ఎట్లుంటాదో తెలుసా? చెరుకు కొరికినట్ల ఉంటాది. ఒకడు ఇంకొకని చెవి పట్టి కొరికినాడు. మెట్ల కింద చుట్ట పెట్టిన నా మిగులు కేబులు తీసి ఒకని మెడకు చుట్టి లాగుతాండారు, వాని కండ్లు బయటికొస్తాండాయి. గట్టి కేబులక్కా, ఎంత లాగినా తెగదని నేనే అందరికీ గొప్పగా చెప్పుకుంటి.

చరణ్ కట్టెల కిందనుంచే దూరి మిద్దెక్కినాడు. స్టాండు తావకు పోతాండాడు. నేను ట్యాంకు వెనకనుంచి ఉరికినా, 'ముట్టుకోవద్దురా, ముట్టుకోవద్దు!' అని. యాల అరిచినానో తర్వాత చెప్తా. వాడు పలకను తిప్పినాడు. స్టాండు ఒరిగింది. నా నెత్తి మీద తెల్లంగా మెరుపు కొట్టింది, అంతే.

పైకొచ్చినోళ్లు ఏం సూసినారు? నేను నెత్తురు మడుగులో ఉండా. నా పైన చరణ్, రెండు చేతుల్లో ఇనుప పైపు. 'జెఫ్రీని సంపేసినాడ్రా!'

పడినారక్కా వాని మీద. పైపు వదల్రా అని చేతుల మీద కొడతాండారు. వదల్లా. వేళ్లు విరిగిన శబ్దం నాకు వినపడింది, వదల్లా. మోకాళ్ల మీద కూలినాడు, నోట్లోంచి నెత్తురు కారతాండాది, పైపు మాత్రం నిలువుగా పట్టుకోనుండాడు. ఇంత కసి ఏందిరా వీనికి అనుకున్యారు అందరూ.

నేను కింద పడి పైకి సూస్తాండా. బేస్ స్టేషను మీద పచ్చలైటు ఎలగతానే ఉండాది. పలక సరిగ్గా దిగవ వీధి పక్కకుండాది. వాడు కొట్టేదానికి పట్టుకోలేదక్కా. ఆడ చెల్లెలు మాట్లాడతాండాది కదా.

ఉషా తలుపేసుకొని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోనుండాది. వీడియో ఒక్క తూరి కూడా ఆగలేదంట. నా నెట్టు పుట్టిన కాడ్నుంచి అంత బాగా ఎప్పుడూ పారలేదు. ఉద్యోగం ఇస్తామన్నారంట. అన్నకు చెప్దామని నవ్వుకుంటా పాపయ్య మామ ఇంటి కాడికి వచ్చింది. వాళ్లన్నను కాళ్లు పట్టుకొని మెట్ల మీద ఈడ్చుకొస్తాండారు.

ఇప్పుడు స్టేషన్లో కూర్చోబెట్టినారు వాణ్ని. నన్ను సంపబోయినాడని కేసంట. నేను 'ఊ' అంటే చాలని సుదర్శను ఫోను చేసినాడు. పన్ను లేదు కదా, బెదిరింపు కూడా తుస్సు తుస్సుమంటాంది. ఊ అనకపోతే నా స్టాండూ పలకా వీధిలో పారేస్తారంట. నా నెట్టు కథ ముగిసినట్లే.

అట్ల సూడొద్దక్కా. కుట్టు ఆపినావేంది? బయట ఏడ్చేది ఎవరు... బుజ్జమ్మా? ఎంతసేపట్నుంచి?

సరే. కానిస్టేబుల్ని పిలువు. ఉండు, ముందు నువ్వు విను. ఏనుగు తోసినా కదలదన్న స్టాండు, చరణ్ తిప్పితే ఒరుగుతాదా? నాలుగు రాళ్లల్లో రెండు లేవక్కా. మధ్యాహ్నం ఊరికే కూర్చోలేక నేనే తీసినా. చొక్కా విప్పి, చేతికొకటి ఎత్తి, కండలు సూపిస్తా రీలు చేసినా. రెండోది జారి వేలు మీద పడింది. ఇదో, ఈ గోరు. పాతది కాదు, ఈ పొద్దుటిదే. ఆ నొప్పికి మళ్లీ ఎత్తలేక రాళ్లను ట్యాంకు కాడే వదిలేసినా.

చరణ్ నన్ను కొట్టలేదు. పడే పైపును పట్టుకున్యాడు. వాడు పట్టుకోకుంటే నీకు కుట్టేదానికి తలే మిగిలుండదు. సాక్ష్యం కావల్లంటే నా ఫోన్లో రీలు సూసుకోమను. వెనకాల స్టాండు కనపడతాది, కాళ్ల మీద రాళ్లు లేంది కనపడతాది.

నువ్వు మాత్రం సూడొద్దక్కా. రెండు రాళ్లు ఎత్తేసరికే ఏడుపు మొగం పెట్టింటా. ఒకే ఒక లైకు వచ్చింది. అది కూడా మా అమ్మదే.