సముద్రం మత్తడి

“ఇగో, ముందుగాల్నే చెప్తున్న. నేను చెప్పేదాంట్ల ఆవగింజంత అబద్ధమున్నదని ఎవనికన్న అనిపిస్తే, లేసొచ్చి గీ మసిలే ఛాయ్ నా నెత్తిన పోయుండ్రి. పోసే దమ్ము లేనోడు నోరు మూసుకొని ఇనుండ్రి!”

యాదగిరి గిలాస పైకెత్తి, తిరునాళ్లలో గారడీవాడు పామును చూపినట్టు చుట్టూ తిప్పి చూపించాడు. తొర్రూరు బస్టాండు పక్కన యాకమ్మ ఛాయ్ హోటల్లో ఆ సాయంత్రం వింటున్నది యాకమ్మ కాక ముగ్గురే. బడిపంతులు కృపాకర్, భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసే శివాజీ, తండా నుంచి వచ్చి ఆటో నడుపుకునే భద్రు. ఎవరూ లేవలేదు. ముగ్గురి చూపూ బల్ల నడుమ పెట్టిన కృపాకర్ సెల్‌ఫోను మీదే ఉంది.

సకల జనుల సమ్మె ముగిసిన మరుసటేడు అది. ఎదురుగా ప్రత్యేక రాష్ట్రం కోసం వేసిన దీక్షా శిబిరం ఇంకా అట్లాగే ఉంది, మైకులో పాటా అట్లాగే ఉంది. మారిందల్లా డీజిలు ధర. ఒక్క దెబ్బకు అయిదు రూపాయలు పెరిగింది. ఈ ముగ్గురికీ ఏటేటా ఒక సరదా. బందరు పోయి, ఒకరోజుకు మోటారు పడవ మాట్లాడుకొని, సముద్రంలో గాలాలు వేసి రావడం. అమ్ముకునేందుకు కాదు, ఏడాది పొడుగునా చెప్పుకునేందుకు. ఈసారి బతిమాలీ బామాలీ నాలుగో మనిషిగా యాదగిరి చేరాడు. పొద్దున మానుకోటలో రైలెక్కాలి. మధ్యాహ్నం పడవాయన ఫోను చేశాడు. “నలుగురైతే బరువండీ, ఇంజను డీజిలు తాగేస్తుంది. పాత రేటుకే రావాలంటే ముగ్గురే రండి. ఆరున్నరకు మళ్లీ చేస్తా, పేర్లు చెప్పండి” అన్నాడు. పోయినేడు సమ్మెలో పోయిన జీతాలే ఇంకా పూడలేదు. పైన వేసేందుకు ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఒకరు ఆగాలి.

ఆ ఒకరు ఎవరో యాదగిరికి తెలుసు. అందుకే ఈ కథ.

అరవై రెండేళ్ల యాదగిరి, పత్తి మిల్లులో వాచ్‌మన్‌గా చేసి దిగిపోయినవాడు, ఇరవై ఏళ్లుగా ఇదే బల్ల మీద సముద్రం కథలు చెప్తున్నాడు. కానీ సముద్రాన్ని చూడలేదు. ఆ సంగతి ఆయన కడుపులోనే ఉంది. ఎడమ కంటికి చూపు పోయింది. కుడి కంటికీ వచ్చే ఏడాది దాకా భరోసా ఇయ్యలేమని వరంగల్ దవాఖానలో చెప్పారు. ఈసారి తప్పితే సముద్రాన్ని చెవులతో వినాల్సిందే.

“గల్ఫుల లడాయి అయిన యేడు,” మొదలుపెట్టాడు. “గప్పుడు గూడ డీజిలు గిట్లనే పిరమైంది. నేను, మా సారయ్య బందర్ల పడవెక్కినం. పడవాయన అరడబ్బ డీజిలే పోసిండు. నేనేమన్న? గదిగూడ నాకద్దు, ఇంజను బందువెట్టు అన్న. నా ధోతి ఇప్పి రెండు వాసాలకు కట్టిన. గాలి కొట్టింది సూడు! పడవ రయ్యిన వోయింది.”

“ధోతి ఇప్పితే మరి ఒంటి మీద ఏమున్నది యాదన్నా?” అంది యాకమ్మ పాలు పొంగకుండా ఊదుతూ.

“నడి సముద్రంల ఎవలు జూస్తరు? సారయ్య ఒక్కడే. ఆయన కండ్లు మూసుకున్నడు. నమ్మకుంటే సారయ్యనే అడుగుండ్రి.”

“సారయ్య సచ్చిపోయి ఆరేండ్లాయె గద కాకా,” అన్నాడు శివాజీ.

“సచ్చెదాంక గదే మాట మీదున్నడు!”

యాదగిరి కథల్లో సాక్షి ఎప్పుడూ సారయ్యే. సారయ్య బతికున్న రోజుల్లో అంతకు ముందే చచ్చినవాడు మరొకడుండేవాడు.

శివాజీ నవ్వాడు. కృపాకర్ గడియారం చూసుకున్నాడు. ఆరుంబావు. భద్రు మాత్రం నవ్వలేదు, గడియారమూ చూడలేదు. యాదగిరి మొఖమే చూస్తున్నాడు.  ఆ చూపు తప్పించుకుంటూ యాదగిరి కథలోకి చేపను దింపాడు.

“గాలం ఇసిరిన. ఒక వంజరం చేప పట్టింది. ముందుగాల మేకపిల్లంత కనవడ్డది. జర పైకొస్తే దున్నంత. తోక లేపింది సూడు, మన తొర్రూరు బస్సంత! గాలం మింగి ఉరుకుడు వెట్టింది. పడవను గుంజుకపోతాంది. ఇంజను సప్పుడు లేదు, పొగ లేదు, సుక్క డీజిలు ఖర్చు లేదు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? డీజిలు అయిపోయి ఆడీడ ఆగిపోయిన పడవలోళ్లు మమ్ముల జూసి తాళ్లు ఇసిరిన్రు. ఒకటి, రెండు, మూడు... పదకొండు పడవలు! గోల్కొండ ఎక్స్‌ప్రెస్ లెక్క. కడ పడవకు ఎర్రలైటు గూడ కట్టినం.”

“టికెట్లు కొట్టలేదా?” అని నవ్వాడు శివాజీ.

“నవ్వకు కొడుకా. నవ్వితే పడవాయన లెక్కనే అయితది నీ పని. ఒడ్డు మీద నా మాట ఇని ఇకిలించిండు, ‘అదేం భాషయ్యా’ అని. చేప ఉరుకుతాంటే ‘ఆగమ్మా, కాస్త ఆగు’ అని మొత్తుకున్నడు. ఆగిందా? నేను ఒక్కపారి, ‘ఏయ్, జర ఆగవే!’ అన్న. టక్కున ఆగింది! సముద్రంల చేపకు సమజయింది మన తెలుగే!”

“గీ ముక్క దీక్ష టెంటుల చెప్పాలె కాకా,” అని కృపాకర్ మొదటిసారి నవ్వాడు.

అంతలో ఫోను వెలిగింది. నలుగురూ ఒక్కసారే వంగారు. ఏదో కంపెనీ మెసేజు. యాదగిరి కృపాకర్ గడియారంలోకి తొంగిచూశాడు. ఇంకో పది నిమిషాలు. ఈ పది నిమిషాల్లో తానులేని పడవ పడవే కాదనిపించాలి. గొంతు పెంచాడు, చేతులు చాచాడు, లేచి నిలబడ్డాడు.

“గట్ల పోంగ పోంగ సముద్రం మత్తడి కాడికొచ్చినం. వానకాలమాయె, మత్తడి ఫుల్లు దుంకుతాంది. చేప ఒక్క ఎగురు ఎగిరింది! పదకొండు పడవలతోని మత్తడి దాటి గోదావరిల పడ్డది. ఎదురునీళ్లకు ఈదింది. రాజమండ్రి దాటింది, భద్రాచలం దాటింది, కాళేశ్వరం కాడ మమ్ముల ఒడ్డున దించి దండం వెట్టి మర్లిపోయింది. శివాజీ, మీ భూపాలపల్లోళ్లు లారీలు కట్టుకొని జూడొచ్చిన్రు, నువ్వప్పుడు లాగులేసుకునే పిల్లగానివి. డబ్బల డీజిలు పోసింది పోసినట్టే ఉండె! తెచ్చి ట్రాక్టర్ల వోసిన. సారయ్య సాక్షి!”

“కాకా,” అన్నాడు భద్రు. ఆ సాయంత్రం అతను నోరు విప్పడం అదే మొదలు. “జర ఎనుకకు రా. మత్తడి అన్నవా?”

“అన్న.”

“సముద్రానికి?”

“మరి? నీళ్లున్న కాడ మత్తడుండదా?”

“మా తండా కుంట నిండితే మత్తడి దుంకి మీ ఊరి చెరువుల పడతది. మీ చెరువు నిండితే దాని కింది చెరువుల పడతది. గది సరే. సముద్రం నిండితే యాడికి దుంకుతది కాకా? దాని కింద ఇంకే చెరువున్నది?”

యాదగిరి చాచిన చేతులు దించాడు.  పుట్టినప్పటి నుంచి ఆయన చూసిన ప్రతి నీటికీ ఒక కట్ట ఉంది, నిండితే నీరు పొర్లిపోయే ఒక మత్తడి ఉంది, దాని కింద ఇంకొక ఊరుంది. అన్నిటికన్నా కింద ఉండేదొకటి ఉంటుందని ఆయనకెన్నడూ తోచలేదు.

“నేను రెండేండ్లు ఆడ రొయ్యల చెరువుల కాడ కూలి చేసిన,” అన్నాడు భద్రు మెల్లగా. “పొద్దుమాపు సముద్రమే. అదేడికీ పోదు. అన్ని దాంట్లకే వస్తయి. నువ్వు సముద్రం జూడలె కాకా.”

 యాదగిరి కూర్చున్నాడు. తన ఛాయ్ గిలాసను బల్ల మీద భద్రు వైపు జరిపాడు. తుండుగుడ్డ తీసి తల వంచాడు.

“పొయ్యి, నా నెత్తిన.”

భద్రు గిలాస అందుకున్నాడు. ఒక్క గుక్కలో తాగేశాడు.

“సల్లగయింది,” అన్నాడు.

ఫోను మోగింది. కృపాకర్ ఎత్తబోతూ, “మరి నేను, శివాజీ, భద్రు...” అన్నాడు.

“ఆగు సారు,” అన్నాడు భద్రు. “ముగ్గురే రాండ్రని పడవాయన ఎందుకన్నడు? బరువుకు. నేను తొంభై కిలోలు. కాక ధోతితోని కలిపి నలభై అయిదు. డీజిలు మిగలాలంటే తీసెయ్యాల్సింది ఎవన్ని?”

“నువ్వు లేకుంటే ఎట్ల రా?” శివాజీ పరేషానయ్యాడు.

“నేను జూసిందే గద. ఒక్కటే షరతు. కాక తిరిగొచ్చినంక గిదే బల్ల మీద కూసోని, మత్తడున్నదో లేదో అందరి ముందల చెప్పాలె.”

“ఉన్నదనే చెప్తడు,” అంది యాకమ్మ. “సాక్షి సారయ్య అంటడు.”

యాదగిరి తుండుగుడ్డతో కుడి కన్ను ఒత్తుకున్నాడు. తల ఎత్తినప్పుడు గొంతులో గారడీ లేదు.

“లేదు యాకమ్మా. ఈసారి బతికున్నోని పేరు చెప్తున్న, యాదిల వెట్టుకో.” ఫోనులో మూడో పేరుగా ‘యాదగిరి’ అని చెప్తున్న మనిషి వైపు వేలు చూపించాడు. “కృపాకర్ సారు.”